గరుకు, నునుపు వేలికెలా తెలుస్తాయి: బండల నుంచి పట్టుచీరల దాకా చేత్తో పరీక్షించే పద్ధతి

తాడిపత్రిలో బండలు కొనడానికి వచ్చినవాళ్లను గమనిస్తే చాలామంది చేసేది ఒకటే. పాలిష్ బండ మీద అరచేయి ఆనిస్తారు, రెండుసార్లు తట్టి చూస్తారు, 'బాగా నున్నగా ఉంది' అంటారు. అలా ఆనించిన చేతికి బండ చల్లదనం తెలుస్తుంది, గట్టిదనం తెలుస్తుంది. నునుపు మాత్రం దాదాపు తెలియదు. ధర్మవరం పట్టుచీర దగ్గరా ఇదే తంతు. కొంగును రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకుని, వెంటనే ధర అడుగుతారు.

సన్నని గరుకు తెలియాలంటే వేలు కదలాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ముందు వేలి కొనలో ఏం జరుగుతుందో చూసి, తర్వాత ఇంట్లో ఎవరైనా చేసుకోగల పరీక్షలు చేద్దాం. చివరికి బట్టల అంగడికి, బండల ఫ్యాక్టరీకి వెళ్దాం. ఇద్దరు మనుషులు, ఒక సాయంత్రం, అనంతపురంలో ఏ వీధిలోనైనా దొరికే సామాన్లు చాలు. సైన్సు టీచర్లు తరగతిలో కూడా చేయించవచ్చు.

వేలి కొనలో ఏముంది

ఒక్కో చేతికి అరచేతి వైపు చర్మంలో, వేళ్లతో కలిపి, సుమారు 17,000 స్పర్శ నాడీ తంతువులు ఉంటాయని 1970ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్తలు యోహాన్సన్, వాల్బో లెక్కగట్టారు. ఇవి చేతి నిండా సమానంగా పరుచుకుని ఉండవు. వేలి కొనలో కిక్కిరిసి ఉంటాయి, అరచేతి మధ్యకు వచ్చేసరికి పలచబడతాయి. అరచేత్తో బండను చూడడం ఎందుకు దండగో ఇక్కడే సగం తెలిసిపోతుంది.

ఈ తంతువుల చివర్లలో ఉండే గ్రాహకాలు నాలుగు రకాలు. మెర్కెల్ రకం నొక్కి ఉంచినంతసేపూ సంకేతం పంపుతూనే ఉంటుంది. వేలి కింద ఎక్కడ ఎత్తుంది, ఎక్కడ పల్లముంది అన్న పటం దీనివల్లే మెదడుకు చేరుతుంది. మైస్నర్ రకం చర్మానికి బాగా పైపొరలో ఉంటుంది. మార్పు వచ్చినప్పుడే పలుకుతుంది. చేతిలో గ్లాసు కాస్త జారగానే పట్టు బిగించేది దీని సమాచారం మీదే. రుఫీని రకం చర్మం సాగడాన్ని పట్టుకుంటుంది. గరుకు విషయంలో దాని పాత్ర తక్కువ, కాబట్టి వదిలేద్దాం.

నాలుగోది పచీని రకం. మన కథలో ముఖ్యమైనది ఇదే. ఇటలీకి చెందిన ఫిలిప్పో పచీని 1830లలో, ఇంకా వైద్య విద్యార్థిగా ఉండగానే, దీన్ని గుర్తించాడు. సుమారు ఒక మిల్లీమీటరు పొడవుంటుంది కాబట్టి కోసి చూస్తే కంటికే కనిపిస్తుంది. లోపల నాడి చివర, దాని చుట్టూ ఉల్లిగడ్డలాగా పొర మీద పొర. నెమ్మదిగా వచ్చే ఒత్తిడిని ఆ పొరలు మింగేస్తాయి, వేగంగా వచ్చే కంపనాన్ని మాత్రం లోపలికి వదులుతాయి. సెకనుకు 200 నుంచి 300 సార్లు వచ్చే కంపనమంటే దీనికి ప్రాణం. ఆ వేగంలో చర్మం ఒక మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా తక్కువ కదిలినా పట్టేస్తుంది.

చర్మం మీది ఒత్తిడి నాడిలో విద్యుత్ సంకేతంగా ఎలా మారుతుందన్నది చాలాకాలం తెలియలేదు. పియెజో అనే ప్రోటీన్లు ఆ పని చేస్తాయని ఆర్డెమ్ పాటపూటియన్ బృందం కనుక్కుంది. వేడి, కారం గ్రాహకం మీద పనిచేసిన డేవిడ్ జూలియస్‌తో కలిపి ఆయనకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

1. సామాన్లు సర్దుకోండి

హార్డ్‌వేర్ అంగట్లో 60, 120, 400, 1000 నంబర్ల ఎమరీ పేపర్లు ఒక్కో షీటు తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. 60 నంబరు రేణువు సుమారు 0.27 మిల్లీమీటర్లు, 120ది 0.12, 400ది 0.035, 1000ది 0.018. ఒక్కో షీటు నుంచి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ముక్కలు మూడు మూడు కత్తిరించి అట్టముక్కల మీద అతికించండి. నంబరు వెనకవైపు రాయండి.

బండల ఫ్యాక్టరీ బయట పడేసిన ముక్కలు అడిగితే ఇస్తారు. పాలిష్ పట్టింది ఒకటి, పట్టనిది ఒకటి, వీలైతే గ్రానైట్ ముక్క ఒకటి. రాయదుర్గం జీన్స్ కుట్టేవాళ్ల దగ్గర మిగిలిన గుడ్డ పీలిక, ఒక పట్టుగుడ్డ, ఒక నూలుగుడ్డ. వంటింటి డిజిటల్ కాటా, పలచని టిష్యూ పేపరు, చెక్కిన పెన్సిలు, కొంచెం దూది, కళ్లకు కట్టుకోవడానికి తువ్వాలు, నిమ్మకాయ. పిల్లలుంటే ఒక బ్యాడ్మింటన్ బ్యాటు కూడా.

2. చేతిని సిద్ధం చేసుకోండి

ఈ మెట్టు చిన్నదే గానీ దాటేస్తే మిగతావన్నీ తప్పుతాయి. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని, పది నిమిషాలు ఆగండి. ఫ్రిజ్ నీళ్ల సీసా పట్టుకున్న చేత్తో మొదలుపెట్టవద్దు, చర్మం చల్లబడితే స్పర్శ మందగిస్తుంది.

తేమ సంగతి కూడా ఉంది. వేలు కాస్త చెమ్మగా ఉంటే ఘర్షణ పెరిగి వస్తువు పట్టేసినట్టు అనిపిస్తుంది. బాగా పొడిబారితే అదే వస్తువు జారుతుంది. మే నెలలో అనంతపురం గాలికి వేళ్లు ఎలా ఎండిపోతాయో వేరే చెప్పక్కర్లేదు. అందుకే మధ్యాహ్నం చూసిన ముక్కతో రాత్రి చూసిన ముక్కను పోల్చకండి. పోల్చే రెండూ ఒకే పూట, ఒకే చేత్తో చూడాలి.

ఇంకొక జాగ్రత్త చాలామందికి తట్టదు. గంటసేపు బైకు నడిపి వచ్చిన వెంటనే సన్నని గరుకు సరిగా తెలియదు. హ్యాండిల్ కంపనానికి పచీని గ్రాహకాలు అలసిపోయి ఉంటాయి. ముతక గరుకును పట్టే శక్తికి మాత్రం పెద్దగా ఏమీ కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ హోలిన్స్ బృందం 2001లో వేలికి కావాలని కంపనం పెట్టి చూస్తే తేలిన విషయం ఇదే: సన్నని వాటి మధ్య తేడా చెప్పలేకపోయారు, ముతక వాటి మధ్య చెప్పగలిగారు. కాబట్టి బండలు చూడ్డానికి బైకు మీద వెళ్తే, ముందు టీ తాగండి.

3. ఆనించి చూడండి, తర్వాత జరిపి చూడండి

అసలు పరీక్ష ఇదే, తీరిగ్గా చేయండి.

కళ్లకు తువ్వాలు కట్టుకోండి. రెండోవారు మీ ముందు మూడు ముక్కలు వరసగా పెట్టాలి. రెండు ఒకే నంబరువి, ఒకటి వేరేది. వేరేది ఎక్కడుందో మీరు చెప్పాలి. మొదట 60, 120 నంబర్ల జతతో మొదలుపెట్టండి. షరతు ఏమిటంటే వేలు జరపకూడదు. చూపుడువేలు పైనుంచి దించి, ఆనించి, పైకే ఎత్తేయాలి. ఇలా పన్నెండుసార్లు, ప్రతిసారీ వరస మార్చి. ఊరికే ఊహించినా పన్నెండులో నాలుగు సరిపోవచ్చు. ఎనిమిది, అంతకన్నా ఎక్కువ సరిగా చెబితే నిజంగా తేడా తెలుస్తోందని నమ్మవచ్చు. ఈ జతలో చాలామంది సులభంగానే ఎనిమిది దాటుతారు.

ఇప్పుడు 400, 1000 జత. అదే షరతు, అదే పన్నెండుసార్లు. ఇక్కడ చాలామంది తడబడతారు. రెండూ ఒకేలా, ఏదో కాగితంలా అనిపిస్తాయి. ఎన్ని రెట్లు అని చూస్తే, రేణువుల పరిమాణంలో తేడా మొదటి జతలోనూ, ఈ జతలోనూ దాదాపు సమానమే. అక్కడా, ఇక్కడా ఒకటి రెండోదానికి సుమారు రెట్టింపే.

ఆ తర్వాత షరతు తీసేయండి. వేలు ఒక్కసారి, రెండు సెంటీమీటర్ల మేర, తేలిగ్గా జరపనివ్వండి. 400 ఏదో, 1000 ఏదో వెంటనే తేలిపోతుంది. గట్టిగా రుద్దకండి, ఎమరీ పేపరు వేలిని అరగదీస్తుంది.

ఎందుకిలా? జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ కాట్జ్ 1925లోనే దీనికి దారి చూపించాడు. చర్మం గరుకును రెండు దారుల్లో తెలుసుకుంటుందని ఆయన అభిప్రాయం. ఎత్తుపల్లాలు పెద్దవైతే అవి చర్మం మీద నేరుగా ముద్ర వేస్తాయి. మెర్కెల్ గ్రాహకాలు ఆ ముద్రను చదువుతాయి, వేలు కదలాల్సిన పని లేదు. ఎత్తుపల్లాలు బాగా సన్ననివైతే ముద్ర పడదు, పడినా చదవలేనంత చిన్నది. అప్పుడు వేలు కదలాలి. కదిలితే ఒక్కో రేణువూ చర్మాన్ని తాకి వదులుతుంది, కంపనం పుడుతుంది. ఆ కంపనాన్ని పచీని, మైస్నర్ గ్రాహకాలు పట్టుకుంటాయి. హోలిన్స్, రిస్నర్ 2000లో మీరిప్పుడు చేసినట్టే ఆనించి, జరిపి పరీక్షించి కాట్జ్ మాటను గట్టిపరిచారు. ఈ రెండు దారులకూ సరిహద్దు మిల్లీమీటరులో పదోవంతు దగ్గర, కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

కంపనం లెక్క చాలా సులువు. వేలి వేగాన్ని ఎత్తుల మధ్య దూరంతో భాగించాలి. పావు మిల్లీమీటరుకు ఒకటి చొప్పున గీతలున్న పలక మీద వేలు సెకనుకు ఐదు సెంటీమీటర్లు జరిగితే సెకనుకు 200 కంపనాలు వస్తాయి. పచీని రకానికి బాగా నచ్చే అంకె. బట్ట చూసేవాళ్ల వేళ్లు దాదాపు అదే వేగంలో కదలడం చూస్తుంటే, ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే చేతికి వచ్చేసినట్టుంది.

కదలిక ఉంటే వేలు ఎంత సన్ననిది పట్టగలదు? 2013లో స్టాక్‌హోంలో లీసా స్కెడుంగ్ బృందం ముడతలు పడిన పలకలు తయారుచేసి మనుషులతో పరీక్ష చేయించింది. పది నానోమీటర్ల స్థాయి ఎత్తున్న ముడతలను కూడా ఏమీ లేని పలక నుంచి వేరుగా గుర్తించారు. మన వెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు. ఈ సంగతి చదివాక నా వేళ్ల మీద నాకే గౌరవం పెరిగింది.

ఇంకొక చిన్న ముచ్చట. వేలు కదలకుండా ఉంచి, రెండోవారిని ముక్క జరపమనండి. ఫలితం దాదాపు అంతే బాగుంటుంది. కదిలేది వేలా, వస్తువా అన్నది చర్మానికి పట్టదు. రెండింటి మధ్య కదలిక ఉంటే చాలు.

4. ఒత్తిడి కాటా మీద పెట్టండి

ముక్కను వంటింటి కాటా మీద పెట్టి, కాటాను సున్నాకు తెచ్చి, వేలు జరపండి. చాలామంది తెలియకుండానే 200 గ్రాములు, 300 గ్రాములు నొక్కేస్తారు. 50 నుంచి 100 గ్రాముల మధ్య చూపేలా అలవాటు చేసుకోండి.

దీనికి కారణం ఉంది. కెనడాకు చెందిన సూసన్ లెడర్‌మన్ గీతలు చెక్కిన పలకలతో 1970లలో చేసిన పరీక్షల్లో, గీతల మధ్య పల్లం వెడల్పయ్యేకొద్దీ గరుకు ఎక్కువ అనిపించింది. గట్టిగా నొక్కినా గరుకు ఎక్కువే అనిపించింది. వేలి వేగం మార్చితే మాత్రం పెద్ద తేడా రాలేదు. అంటే రెండు బండలు పోల్చేటప్పుడు వేగం కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఒత్తిడి మారితే మోసపోతాం. నచ్చని బండను గట్టిగా, నచ్చినదాన్ని సుతారంగా రుద్దేవాళ్లు ఉన్నారు. వాళ్ల చెయ్యి వాళ్లకు కావాల్సిన మాటే చెబుతుంది.

5. కన్ను, చెవి పక్కన పెట్టండి

కన్ను మూసుకోవడం ఎందుకో అందరికీ తెలుసు, మెరుపు చూసి నునుపు అనుకుంటాం. చెవి సంగతి తక్కువమందికి తెలుసు. 1998లో ఫిన్లాండ్‌లో యూస్మాకి, హారి అనే ఇద్దరు ఒక తమాషా పరీక్ష చేశారు. మనుషులను రెండు అరచేతులూ రుద్దుకోమని, ఆ శబ్దాన్నే హెడ్‌ఫోన్లలో వినిపించారు, పైస్థాయి శబ్దాలు మాత్రం పెంచి. చేతులు ఎండిన కాగితంలా అయిపోయాయని వాళ్లకు అనిపించింది. చర్మంలో మారిందేమీ లేదు.

దూది చెవుల్లో పెట్టుకుని మూడో మెట్టు మళ్లీ చేయండి. మార్కులు కాస్త తగ్గితే, ఇంతకుముందు మీ చెవి కూడా సాయం చేసిందని అర్థం.

6. ఒక్క ప్రశ్న కాదు, మూడు అడగండి

'ఎలా ఉంది?' అంటే 'మెత్తగా ఉంది' అంటారు. ఆ మాటలో నునుపు, మెత్తదనం, జారుడు మూడూ కలిసిపోతాయి. హోలిన్స్ బృందం 1993లో రకరకాల వస్తువులను చేతికిచ్చి, ఏది దేనికి దగ్గరగా అనిపిస్తుందో గుంపులు చేయమంది. గరుకు-నునుపు, గట్టి-మెత్తన అన్న రెండు కొలతలు స్పష్టంగా తేలాయి. జిగట-జారుడు అన్న మూడోది 2000లో చేసిన మరో పరీక్షలో, కొంచెం బలహీనంగా తేలింది. బొంబాయి రవ్వ గరుకే, గట్టి కాదు. పాలిష్ గ్రానైట్ గట్టిదే, గరుకు కాదు. ప్లాస్టిక్ షీటు నున్నగానే ఉంటుంది, కానీ చెమట వేలికి పట్టేస్తుంది.

ఒక్కో ప్రశ్నకు చేతి కదలిక కూడా వేరు. లెడర్‌మన్, రాబర్టా క్లాట్స్కీ 1987లో మనుషుల చేతులను వీడియో తీసి చూపించినది ఇదే. గరుకు కోసం వేలు పక్కలకు జరుగుతుంది. గట్టిదనం కోసం నొక్కుతుంది. చల్లదనం కోసం కదలకుండా ఆనుతుంది. బరువు కోసం చేతిలో ఎత్తి చూస్తుంది. తాడిపత్రిలో అరచేయి ఆనించిన మనిషి చల్లదనం ప్రశ్న అడిగి, నునుపు జవాబు చెప్పుకున్నాడు.

నోటుబుక్కులో మూడు వరసలు గీయండి. ఒక్కో వస్తువుకూ ఒక్కో కొలతకు మీకు తోచిన అంకె వేయండి. పదిలో ఇంత అని పరిమితి పెట్టుకోవద్దు. మొదటి వస్తువుకు 20 వేస్తే, దానికి రెట్టింపు గరుకు అనిపించినదానికి 40 వేయండి. ఒక రౌండ్ అయ్యాక వరస మార్చి మళ్లీ వేయండి. రెండు రౌండ్లలో అంకెలు బాగా మారిన వస్తువు దగ్గర ఆగి, దాన్ని ఇంకొకసారి చూడండి.

చల్లదనం విషయంలో ఒక హెచ్చరిక. ఒకే గదిలో రాత్రంతా ఉన్న బండ, చెక్క, గుడ్డ అన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. అయినా బండ చల్లగా తగులుతుంది, అది చేతి వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి. పాలిష్ బండ ఇంకాస్త చల్లగా అనిపించవచ్చు, చర్మానికి ఎక్కువ మేర తగులుతుంది కాబట్టి. ఆ చల్లదనాన్నే చాలామంది నునుపుగా లెక్కేస్తారు. ఎండలో పెట్టిన బండతో ఈ ఆట ఆడకండి, చెయ్యి కాలుతుంది.

7. పెన్సిలు, టిష్యూ పేపరు, బ్యాటు

పెన్సిలు ములికితో కాకుండా వెనక కొసతో బండను తాకి జరపండి. వేలు బండను తాకలేదు, అయినా గరుకు తెలుస్తోంది. అదీ పెన్సిలు కొస దగ్గర ఉన్నట్టు తెలుస్తోంది. ముద్ర చదివే దారి ఇక్కడ పూర్తిగా మూసుకుపోయింది, కంపనం దారి ఒక్కటే తెరిచి ఉంది. మేస్త్రీకి కరణెతో గోడ నునుపు తెలిసేది ఇలాగే.

టిష్యూ పేపరు ఉపాయం నాకు అన్నిటికన్నా ఇష్టం. పాలిష్ బండ మీద టిష్యూ పరిచి, దాని మీద మూడు వేళ్లు పెట్టి, కాగితంతో సహా జరపండి. వేలు నేరుగా జరిపినప్పుడు దొరకని ఎత్తుపల్లాలు, అంటే మిషన్ పట్టు తప్పిన చోటి మెలికలు, ఇప్పుడు దొరుకుతాయి. కాగితం చర్మానికి, బండకు మధ్య పక్కకు లాగే ఒత్తిడిని తగ్గిస్తుంది. ఆ గోల తగ్గేసరికి పైకీ కిందికీ వచ్చే మార్పు తేటగా తెలుస్తుంది. కారు బాడీలో సొట్టలు వెతికేవాళ్ల పద్ధతి ఇది. లెడర్‌మన్ 1978లో ప్రయోగశాలలో పరీక్షించి, ఫలితం నిజమేనని చూపించింది.

బ్యాటు పిల్లల కోసం. బ్యాటు అల్లికకు రెండు వైపులా రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, చేతులు కలిపి ఉంచే బ్యాటును ముందుకూ వెనక్కూ జరపమనండి. మధ్యలో తీగలు తప్ప ఏమీ లేవు. అయినా చేతుల మధ్య మఖమల్ లాంటి నునుపు ఉన్నట్టు అనిపిస్తుంది. తీగలు దగ్గరగా ఉన్న బ్యాటుతోనూ, కాస్త ఎడంగా ఉన్నదాంతోనూ చేసి చూడండి. తరగతి గదిలో దీనికొచ్చే కేకలు ఇంకే పరీక్షకూ రావు.

8. బట్ట దగ్గర

జీన్స్ గుడ్డ మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయి, మధ్య దూరం మిల్లీమీటరు అటూ ఇటూ. ఇవి ముద్ర దారిలో దొరికే గరుకు. వేలు గీతల వెంట జరిపితే ఒక రకం, గీతలకు అడ్డంగా జరిపితే ఇంకొక రకం. తిప్పి వెనకవైపు కూడా చూడండి. ఒకే గుడ్డను నాలుగు దిక్కుల్లో చూస్తే నాలుగు గుడ్డల్లా ఉంటుంది. కాబట్టి రెండు జీన్స్ గుడ్డలు పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే దిక్కున జరపాలి.

ధర్మవరం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది గానీ అక్కడి చేనేత పట్టుచీరలు, పావడాలు భౌగోళిక గుర్తింపు పొందినవి. పట్టులో పడుగు, పేక రెండూ ఎంత సన్ననివంటే, గరుకు దాదాపు పూర్తిగా కంపనం దారిలోనే తెలుస్తుంది. నొక్కి పట్టుకుంటే మందం తెలుస్తుంది, నేత తీరు తెలియదు. చీరను బల్ల మీద పరిపించి, చూపుడువేలు, మధ్యవేలు చాలా తేలిగ్గా, కొంగు నుంచి ఒంటి దాకా ఒకసారి, అంచుకు అడ్డంగా ఒకసారి జరపండి. జరీ మొదలైన చోట తేడా స్పష్టంగా ఉండాలి. జరీ లోపల మాత్రం ఒకే తీరుగా సాగాలి. మధ్యలో వేలికి ముల్లులా తగిలితే అక్కడ ఆగి వెలుతురులో చూడండి, పోగు లేచి ఉండవచ్చు.

ఆ తర్వాత చీరను ముంజేతి మీద వేసుకోండి. అక్కడి వెంట్రుకల చర్మంలో వేరే రకం సన్నని నాడులు ఉన్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల నెమ్మది నిమురుడుకు అవి బాగా స్పందిస్తాయి. అవి చెప్పేది గరుకు లెక్కలు కావు, 'హాయిగా ఉంది' అన్న మాట. కొలవడానికి వేలు, కట్టుకుంటే ఎలా ఉంటుందో చూడడానికి ముంజేయి.

9. వేలు సరిగా చెప్పకపోతే

వయసు పెరిగేకొద్దీ స్పర్శ కొంత మందగించడం మామూలే. చిన్న వేళ్లున్నవాళ్లకు సన్నని తేడాలు కాస్త బాగా తెలుస్తాయి, అందుకే చాలా ఇళ్లలో ఆడవాళ్ల మాటే నెగ్గుతుంది. రాళ్ల పనిలో, సేద్యంలో కాయలు కాసిన చేతులైతే చూపుడువేలి కొనకు బదులు ఉంగరపు వేలితో ప్రయత్నించండి. అది తక్కువ అరిగి ఉంటుంది.

60, 120 జత కూడా తెలియకపోతే, లేదా వేళ్లలో తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉంటే అది అభ్యాసంతో పోయేది కాదు. షుగర్ ఉన్నవాళ్లలో నాడులు దెబ్బతిన్నా ఇలా అవుతుంది, సాధారణంగా ముందు పాదాల్లో మొదలవుతుంది. ఏళ్ల తరబడి గ్రైండర్, కటింగ్ మిషన్ పట్టుకున్నవాళ్లకూ రావచ్చు. డాక్టరుకు చూపించాలి.

10. బండల దగ్గర

మన ప్రాంతపు నాపరాళ్లు, కడప బండలు చాలావరకు సున్నపురాయి. సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది కాబట్టి పొర వెంట చీలుతుంది. చీలిన తలం చేతికి అలలు అలలుగా తగులుతుంది. అది ముద్ర దారి గరుకు, చూస్తూనే తెలుస్తుంది. దాంతో చిక్కేమీ లేదు. చిక్కంతా పాలిష్ బండలతోనే.

ఎంచుకున్న రకంలో ఒక ముక్క ముందు ఇంటికి తెచ్చుకోండి. దాని మీద ఒక మూల నిమ్మరసం చుక్క వేసి, రాత్రంతా వదిలేసి, ఉదయం కడిగి ఆరబెట్టండి. కళ్లు మూసుకుని వేలు జరపండి. సున్నపురాయి అయితే చుక్క పడిన చోట నునుపు పోయి, వేలికి సన్నగా పట్టుకున్నట్టు ఉంటుంది. గ్రానైట్ అయితే తేడా ఉండదు. వంటింట్లో పులుసులు, నిమ్మకాయలు ఒలికే గట్టుకు ఏది వేయాలో ఈ ముక్కే చెబుతుంది. సున్నపురాయి వేసినచోట యాసిడ్‌తో కడగవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

స్నానాల గదికి, బయటి మెట్లకు పాలిష్ వద్దన్నది నా గట్టి అభిప్రాయం. చేతికి నచ్చిన నునుపు తడి పాదానికి ప్రమాదం. పాదం చర్మం మందంగా ఉంటుంది, వేలికి కొంచెం గరుకుగా తగిలినది పాదానికి మామూలుగానే ఉంటుంది. కాబట్టి అక్కడ చేతి మాట వినకుండా, ముక్క మీద నీళ్లు పోసి, గోడ పట్టుకుని, ఒక పాదం ఆనించి చూడండి.

ఇక అంగట్లో. ముందు దుమ్ము తుడవమనండి, పాలిష్ పొడి ఒక్క పొర ఉన్నా వేలు అబద్ధం చెబుతుంది. నీళ్లు చల్లి చూపిస్తే ఆరేదాకా ఆగండి. అంచు నుంచి అంచుకు రెండు వేళ్లు తేలిగ్గా జరపండి, తర్వాత టిష్యూతో ఒకసారి. మూలలు, అంచులు తప్పకుండా చూడండి, పాలిష్ తక్కువ పడేది అక్కడే. కటింగ్ మిషన్ నడుస్తున్న షెడ్డులో చెవికి ఏమీ వినపడదు కాబట్టి కాస్త దూరంగా పెట్టించుకోండి. పది బండలు చూశాక వేలు మొద్దుబారినట్టు అనిపిస్తే చెయ్యి మార్చండి, లేదా కాసేపు ఆపండి.

స్పర్శ గుర్తు ఎక్కువసేపు నిలవదు. నిన్న చూసిన బండ ఎంత నున్నగా ఉందో ఈరోజు చేతికి గుర్తుండదు. అందుకని ఒప్పుకున్న రకం ముక్క ఒకటి అడిగి, వెనకవైపు తేదీ వేసి, బిల్లుతో పాటు దాచుకోండి. లారీ వచ్చిన రోజు బండలు దింపుతుండగానే ఆ ముక్కను పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, ఒకే ఒత్తిడితో వరసగా పోల్చండి. తేడాగా ఉన్నవాటిని చాక్‌పీసుతో గుర్తు పెట్టి పక్కకు తీయించండి. మేస్త్రీ సిమెంటు కలపకముందే ఫ్యాక్టరీకి ఫోన్ చేయండి. పరిచిన బండను వాపసు తీసుకునేవాళ్లు ఉండరు.